సాలుమరద తిమ్మక్క వయసు 114 అని ఎలా నమ్మాలి? పిల్లలకు ఏం చెప్పాలి?

కదిరి_బడి
ఎనిమిదో తరగతి పిల్లలకు సాలుమరద తిమ్మక్క గురించి చెప్పాను. కర్ణాటకలో హులికల్ నుంచి కుదూరు వరకు నాలుగున్నర కిలోమీటర్ల రోడ్డు పక్కన భర్తతో కలిసి 385 మర్రిచెట్లు పెంచిన కూలి మనిషి. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 నవంబరు 14న బెంగళూరులో 114 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చెప్పడం అయిపోగానే వెనక బెంచీ పిల్లవాడు లేచి, "ఆమె బడికే వెళ్లలేదన్నారు కదా సార్, 1911లో పుట్టినట్టు ఎవరు రాసిపెట్టారు?" అన్నాడు. భలే అడిగాడని మెచ్చుకున్నాను. కానీ సంగతి ఉపాధ్యాయుల గదికి చేరాక తోటి మాస్టారు ఒకరు "రుజువు లేనివి పిల్లలకు చెప్పకూడదు, ఆ పాఠం ఇక వద్దు" అని తేల్చేశారు. వయసుకు కాగితం లేకపోతే మనిషి చేసిన పని కూడా లేకుండా పోతుందా? నాకు ఇది మింగుడుపడడం లేదు. పిల్లవాడికి ఏం చెప్పాలి, ఆ మాస్టారికి ఏం చెప్పాలి?

లెక్క_తేలాలి
పిల్లవాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. 110 ఏళ్లు దాటారని అంతర్జాతీయంగా ఒప్పుకోవాలంటే మూడు దశల కాగితాలు చూస్తారు. పుట్టినప్పుడో చిన్నతనంలోనో రాసిన నమోదు, పెళ్లి నాటిదో నడివయసుదో ఒక పత్రం, చివరి రోజుల గుర్తింపు పత్రం. మూడూ ఒకే మనిషివని తేలాలి. ఫ్రాన్స్‌లో జాన్ కాల్మాన్ 122 ఏళ్ల 164 రోజులు బతికిందని ఒప్పుకున్నారంటే, ఆర్ల్ పట్టణంలో 1875 నాటి నమోదు ఉంది కాబట్టి. ఆమె మీద కూడా అనుమానపడ్డవాళ్లు ఉన్నారు. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. 1911లో, తిమ్మక్క పుట్టిన గుబ్బి తాలూకాలో, ఒక పేద ఇంటి ఆడపిల్ల పుడితే ఎవరు రాసి ఉంటారు?

సీమ_గాలి
114 కాదు, 104 అనుకోండి. చెట్లు తగ్గుతాయా?

లెక్క_తేలాలి
@సీమ_గాలి చెట్ల లెక్క కూడా ఒక్కటి కాదు. 284 అని ఒకచోట, 385 అని మరోచోట కనిపిస్తుంది.

మాగడి_రోడ్డు
బెంగళూరులో ఉద్యోగం, సెలవు రోజుల్లో అటువైపు వెళ్తుంటాను. రెండు సంఖ్యలూ ప్రచారంలో ఉన్న మాట నిజమే, ఇప్పుడు అందరూ 385 అనే రాస్తున్నారు. ఆ దారిలో వెళ్తే లెక్కపెట్టాలని అనిపించదు. మాగడి దాటాక ఎండ మాడ్చేస్తూ ఉంటుంది, కుదూరు రోడ్డు ఎక్కగానే ఒక్కసారిగా చల్లబడుతుంది. రెండు వైపుల కొమ్మలూ పైన కలుసుకుంటాయి. ఊడలు రోడ్డు మీదికి దిగనివ్వరు, దారి పక్కన దిగినవి మాత్రం మొద్దులై నిలబడ్డాయి. ఒక చెట్టు కింద సైకిలు మీద కొబ్బరిబోండాలు పెట్టుకున్నతను "ఈ నీడ అజ్జిదే" అన్నాడు, అంటే అవ్వదని.

అమ్మమ్మ_మాట
కాగితం లేనివాళ్లు వయసు చెప్పుకోవడానికి మన పెద్దవాళ్లకు ఒక పద్ధతి ఉండేది, అది గాలి లెక్క కాదు. మా అమ్మమ్మ ఎప్పుడూ అంకెల్లో ఏడు చెప్పలేదు. తను "కాళయుక్తిలో పుట్టాను" అనేది. పంచాంగం చూస్తే 1918. గాలి జ్వరంతో ఊరు ఊరంతా మంచం పట్టిన ఏడు అదేనని కూడా చెప్పేది, సరిగ్గా సరిపోయింది. తిమ్మక్క పుట్టారంటున్న 1911 విరోధికృత్. మళ్లీ ఆ పేరు 1971లో వచ్చింది. సంవత్సరం పేరు, ఆ ఏడు జరిగిన కరువో వరదో జ్వరమో రెండూ కలిస్తే మనిషి వయసు ఒకటి రెండేళ్ల తేడాతో తేలుతుంది.

లెక్క_తేలాలి
@అమ్మమ్మ_మాట ఆ పద్ధతికి నేను విలువ ఇస్తాను. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. సంవత్సరం పేరు అరవై ఏళ్లకు తిరిగి వస్తుంది కాబట్టి అరవై ఏళ్ల తేడా ఎవరూ చేయరు. ఐదారేళ్ల తేడా మాత్రం ఎవరైనా చేస్తారు. 110 దాటినవాళ్ల విషయంలో ఆ ఐదారేళ్లే అసలు సంగతి.

విశాఖ_తీరం
తిమ్మక్క పుట్టిన తేదీ జూన్ 30 అంటారు, అది వినగానే నాకు మన బళ్లు గుర్తొచ్చాయి. మా నాన్నగారి తరంలో సగం మందికి జులై 1నే పుట్టినరోజు. బడిలో చేర్చుకునే మాస్టారు తనకు వీలైన తేదీ వేసేసేవారు. మా ఇంట్లో నాన్నకూ ఇద్దరు బాబాయిలకూ ఒకటే తేదీ, ఒకటే కేకు.

కదిరి_బడి
@విశాఖ_తీరం మా బడి పాత రిజిస్టర్లు తెరిస్తే పేజీ అంతా జులై 1. ఊరు ఊరంతా కవలలే!

గోదారి_గట్టు
కాగితం ఉంటే నిజం, లేకపోతే అబద్ధం అనుకోవద్దు. జపాన్‌లో కుటుంబ నమోదు పుస్తకాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ పక్కాగా ఉన్నాయి. అలాంటి దేశంలో 2010లో తనిఖీ చేస్తే, నూరేళ్లు దాటి బతికి ఉన్నట్టు పుస్తకాల్లో ఉన్నవాళ్లలో 2,30,000 మందికి పైగా ఆచూకీ లేదు. ఎప్పుడో పోయినవాళ్ల పేర్లు ఎవరూ కొట్టేయలేదు. ఒక ఇంట్లో అయితే 111 ఏళ్ల పెద్దాయన అనుకున్న మనిషి పోయి ముప్పై ఏళ్లయింది, పింఛను మాత్రం వస్తూనే ఉంది.

లెక్క_తేలాలి
అది నా మాటనే బలపరుస్తుంది. అమెరికాలో రాష్ట్రాలవారీగా జనన ధ్రువపత్రాలు మొదలయ్యాక 110 దాటినవారి నమోదులు 69 నుంచి 82 శాతం పడిపోయాయని ఒక పరిశోధకుడు చూపించాడు. దానికి 2024లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. రికార్డులు సరిగా లేనిచోట వయసు పెరుగుతుంది. తిమ్మక్కను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పిల్లవాడికి "114 అని అందరూ అంటారు, పుట్టిననాటి కాగితం లేదు" అని చెబితే చాలు. అది చెప్పినంత మాత్రాన పాఠం పాడవదు.

నల్లమల_బాట
@లెక్క_తేలాలి చివరి రెండు మాటలతో ఏకీభవిస్తాను. కానీ ఇంతసేపూ ఆమె ఎన్నాళ్లు బతికిందన్న దగ్గరే తిరుగుతున్నాం. ఆ బతుకులో ఏం చేసిందో చూడండి. మొదటి ఏడు పది మొక్కలు. రెండో ఏడు పదిహేను. మూడో ఏడు ఇరవై. మర్రి ఊరి దగ్గరే పుష్కలంగా ఉంది కాబట్టి వాటి నుంచే అంటు మొక్కలు కట్టుకున్నారు. వానాకాలంలో నాటారు. పశువులు మేయకుండా చుట్టూ ముళ్లకంప పెట్టారు. వానలు పోయాక నాలుగు బిందెల నీళ్లు మోసుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడిచి పోశారు. రాళ్ల క్వారీలో కూలి చేసుకుంటూ, ఆ పని అయ్యాక ఈ పని. మళ్లీ వానలు వచ్చేసరికి మొక్క వేరు పట్టేది. అప్పుడే తర్వాతి మొక్కలు. పదిని బతికించాక పదిహేను పెట్టారు. బతికించలేనన్ని పెట్టలేదు.

నేను ఒక మొక్కల పెంపకం పథకంలో క్షేత్ర సిబ్బందిగా పనిచేశాను. మాకు లెక్క అడిగేది గుంతల మీద. ఎన్ని తవ్వారు, ఎన్ని నాటారు, ఫోటో ఉందా. ఏప్రిల్ నెలలో అదే గుంత దగ్గరికి వెళ్లి మొక్క ఉందా అని అడిగిన అధికారి నా అనుభవంలో ఒక్కరే, ఆయన్ని వెంటనే బదిలీ చేశారు. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైనప్పుడు లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఆ పథకంలో మంచి లేదనను, మా ఊరి రోడ్డుకు నీడ దాని వల్లే వచ్చింది. కానీ 230 కోట్ల అంకె ముందు 10, 15, 20 పెట్టి చూడండి. పిల్లలకు లెక్కల పాఠంగా చెప్పాల్సింది ఇదీ.

సీమ_గాలి
పది, పదిహేను, ఇరవై. బోర్డు మీద రాయించండి మాస్టారూ.

ఖమ్మం_కోట
మన దగ్గరా ఒకాయన ఉన్నారు, మరిచిపోకండి. రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు. 2017లో పద్మశ్రీ, 2025 ఏప్రిల్ 12న పోయారు. మెడలో "వృక్షో రక్షతి రక్షితః" బోర్డు వేసుకుని తిరిగేవారు. మా ఊరి సంతలో పిల్లల జేబుల్లో విత్తనాలు పోసి వెళ్లడం కళ్లారా చూశాను. ఆయనది విత్తనాలు చల్లుకుంటూ వెళ్లే పద్ధతి, తిమ్మక్కది ఒక్కో మొక్క దగ్గర నిలబడే పద్ధతి. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని నేను అనలేను.

శ్రావణి_హెచ్
నాకు ఒక్కటి నచ్చదు. తిమ్మక్క గురించి ఎవరు రాసినా మొదటి వాక్యం "పిల్లలు లేరు కాబట్టి చెట్లనే పిల్లలనుకుంది". ఊరికి నీడ కావాలని ఒక ఆడమనిషి అనుకోవడానికి కడుపు పండకపోవడమే కారణం కావాలా? మగవాళ్లు నాటితే ఎవరూ అలా రాయరు. రామయ్య గారి గురించి ఎవరైనా అలా మొదలుపెట్టారా?

తుంగభద్ర_అక్క
శ్రావణీ, నీ కోపం అర్థమైంది, కానీ ఆ మాట తీసేయవద్దంటాను. నాకూ పిల్లలు లేరు. పెళ్లయిన కొత్తలో సీమంతాలకు, పేరంటాలకు పిలిచి, పసుపు పెట్టేటప్పుడు నన్ను దాటుకుని పక్కావిడకు పెట్టినవాళ్లున్నారు. ఇది పట్నంలో, చదువుకున్న ఇళ్లల్లో. ఆ కాలంలో పల్లెటూర్లో కూలి మనిషికి ఎంత జరిగి ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ బాధ గురించి ఆమె దాచుకోలేదు, నోరు విప్పి చెప్పుకుంది. మనం గౌరవం పేరుతో ఎందుకు దాచాలి? ఆ మొదటి వాక్యం చదివినప్పుడు నాకు చిన్నతనం అనిపించలేదు, తోడు దొరికినట్టు అనిపించింది. ఆ దంపతులిద్దరూ కలిసి నీళ్లు మోశారు చూడు, అది నాకు ఇంకా ముఖ్యం. భర్త చిక్కయ్య గారు 1991లో పోయారు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు ఆమె ఒక్కరే ఆ పేరు నిలబెట్టారు. భర్త జ్ఞాపకంగా ఊళ్లో ఆసుపత్రి కట్టాలని కోరుకున్నారు. వాననీళ్లు నిలవడానికి ఊళ్లో చెరువు కోసం పాటుపడ్డారు. చెట్ల మాట పక్కన పెట్టినా ఊరి మనిషే ఆవిడ.

శ్రావణి_హెచ్
అక్కా, పేరంటం మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నా మాట మీదే ఉన్నాను. ఆమె చెప్పుకుంటే అది ఆమె మాట. రాసేవాళ్లు మొదటి వాక్యంలో పెట్టి అక్కడితో ఆగిపోతే అది వేరు.

తుంగభద్ర_అక్క
అక్కడితో ఆగిపోకూడదు, ఆ మాట ఒప్పుకుంటాను.

బ్రూక్లిన్_బాబు
110 దాటి, కాగితాలన్నీ సరిపోయి, ఊరి కోసం బతికినవాళ్లు కావాలంటే లెక్క_తేలాలి గారికి ఒకరిని చూపిస్తాను. సుసానా ముషాట్ జోన్స్. 1899లో అలబామాలో పుట్టిన నల్లజాతి మహిళ. న్యూయార్క్ వచ్చి ఇళ్లల్లో పిల్లల్ని చూసుకునే పని చేసింది. తనతో చదివినవాళ్లతో కలిసి, నల్లజాతి అమ్మాయిలు కాలేజీకి వెళ్లడానికి ఒక నిధి పెట్టింది. బ్రూక్లిన్‌లో తను ఉన్న భవనానికి కాపలా బృందంలో 106 ఏళ్ల దాకా తిరిగింది. 2016లో 116 ఏళ్ల వయసులో పోయింది, అప్పటికి ప్రపంచంలో అందరికన్నా పెద్దావిడ ఆమే. మేము ఉండే చోటికి ఆ భవనం దూరం కాదు. 106లో కాపలా తిరగడం అంటే ఏమిటో ఆలోచించండి, మా అపార్టుమెంటులో నలభై ఏళ్లవాళ్లు సంఘం సమావేశానికి రారు.

లెక్క_తేలాలి
@బ్రూక్లిన్_బాబు చాలా మంచి ఉదాహరణ. ధన్యవాదాలు.

కదిరి_బడి
ఒక విషయం చెప్పడం మరిచాను. మా పిల్లల్లో చాలామంది మొదట తిమ్మమ్మ మర్రిమాను గురించి చెబుతున్నాననుకున్నారు. గూటిబైలు మాకు దగ్గరే కదా, ఐదెకరాలకు పైగా పరుచుకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్‌కు ఎక్కింది. ఇక్కడ తిమ్మమ్మ, అక్కడ తిమ్మక్క, రెండు చోట్లా మర్రే. ఒక అమ్మాయి "మన తిమ్మమ్మది ఒకటే చెట్టు సార్, వాళ్లకు 385" అని దిగులుపడింది.

మాగడి_రోడ్డు
ఆ అమ్మాయికి చెప్పండి, మీది ఒక్కటే ఐదెకరాలు అని.

పాలమూరు_పిల్ల
పిల్లలమర్రిని కలపండి. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మా తాతయ్య రోజూ వెళ్లి "రోగి ఎలా ఉన్నాడు" అని కాపలా మనిషిని అడిగేవాడు.

మన్నెగూడ_బస్సు
అందరూ చెట్ల గురించి చల్లగా మాట్లాడుతున్నారు. నేను రోజూ చేవెళ్ల మీదుగా హైదరాబాదు నగరానికి వెళ్తాను. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లు, రెండు వైపులా దాదాపు తొమ్మిది వందల మర్రులు. రోడ్డు ఇరుకు. వెడల్పు చేయాలన్న పని ఈ చెట్ల కోసం వేసిన కేసులో ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర టిప్పర్ బస్సును ఢీకొట్టింది, కంకర బస్సులోకి వచ్చి పడింది. అందులో పోయినవాళ్లలో మా పక్క ఊరి వాళ్లున్నారు. పదకొండు రోజులకు తిమ్మక్క పోయారు. చెట్లు చెట్లు అంటూ అందరూ నివాళులు రాస్తుంటే నాకు చదవబుద్ధి కాలేదు. ఆమె మీద కోపం లేదు. కానీ చెట్టు కోసం మనిషి ఎంతకాలం ఆగాలి?

నల్లమల_బాట
అన్నా, మీ ఊరివాళ్ల మాట విని చాలా బాధగా ఉంది. ఎదురు వాదించడానికి కాదు, తిమ్మక్క చెట్లకూ ఇదే వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2019లో బాగేపల్లి–హలగూరు రోడ్డు వెడల్పు చేయబోతే ఆ మర్రులు పోతాయన్నారు. ఆమె ముఖ్యమంత్రి కుమారస్వామి గారిని అడిగారు. ప్రభుత్వం వేరే దారి చూస్తామంది. ముందే ఆలోచిస్తే చెట్లను నడిమధ్య ఉంచి రెండు వైపులా రోడ్డు వేయవచ్చు. అది ఆలోచించడంలో జరిగిన ఆలస్యానికి చెట్టుది తప్పు కాదు.

మన్నెగూడ_బస్సు
ఆమె అడిగితే ముఖ్యమంత్రి విన్నాడు. అప్పటికే పద్మశ్రీ వచ్చిన మనిషి. మా ఊరి బస్సు ప్రయాణికుడు అడిగితే ఎవరు వింటారు?

సీమ_గాలి
@మన్నెగూడ_బస్సు ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మాగడి_రోడ్డు
పద్మశ్రీ అంటే గుర్తొచ్చింది. రాష్ట్రపతి భవన్‌లో ఆమె పతకం అందుకుంటూ కోవింద్ గారి నుదుటి మీద చేయి పెట్టి దీవించారు. అక్కడ ఎలా నడవాలి, ఎక్కడ నిలబడాలి అన్నీ ముందే చెబుతారు. అందరి ముందూ రాష్ట్రపతి కూడా ఇంట్లో పిల్లవాడిలా నవ్వారు. 2022లో 111వ పుట్టినరోజుకు కర్ణాటక ప్రభుత్వం ఆమెకు మంత్రి హోదా ఇచ్చింది. అన్నేళ్లూ డబ్బుకు ఇబ్బంది పడ్డ మనిషికి హోదా వచ్చింది 111లో! ఇక్కడ వయసు పనికొచ్చిందంటాను. ఎనభై ఏళ్లకే పోయి ఉంటే ఈ గౌరవాలేవీ చూసేవారు కాదు. జాతీయ పౌర పురస్కారమే 1995లో వచ్చింది, అప్పటికి చెట్లు పెద్దవైపోయాయి.

అమ్మమ్మ_మాట
@మాగడి_రోడ్డు మర్రి నాటినవాళ్లు మామూలుగా దాని నీడలో కూర్చోరు, మనవలు కూర్చుంటారు. ఈవిడ తన చెట్ల కింద తనే కూర్చుంది. ఆ మాస్టారికి ఇది చెప్పండి: ఆమె ఎంతకాలం బతికిందో చెప్పడానికి ఆ మొదళ్ల లావు ఒక సాక్ష్యమే.

లెక్క_తేలాలి
మొదలు లావు చెట్టు వయసు చెబుతుంది, నాటిన మనిషి వయసు చెప్పదు. అయినా ఎన్ని దశాబ్దాలు ఆ దారిని చూసుకున్నారో చెబుతుంది. నాకు అది చాలు.

కృష్ణా_ఒడ్డు
అశోకుడు చెట్లు నాటించెను అని ఒక్క వాక్యం మన అందరికీ వచ్చు. ఆయన శాసనంలోనే దారుల పక్కన మర్రులు నాటించానని, పశువులకూ మనుషులకూ నీడ కోసమని ఉంది. మాస్టారూ, ఆ వాక్యం పక్కనే తిమ్మక్కను పెట్టండి. ఆయన నాటించాడు, ఈవిడ నాటింది. అశోకుడి మొక్కలకు నీళ్లు పోసినవాళ్ల పేర్లు మనకు తెలియవు, ఇక్కడ తెలుసు.

శ్రావణి_హెచ్
కృష్ణా_ఒడ్డు గారూ, ఇదీ మొదటి వాక్యం అంటే.

కదిరి_బడి
పాఠం ఆపను. వయసు దగ్గర "114 అని చెబుతారు, పుట్టినప్పటి నమోదు లేదు" అని చేర్చి, ఆ పిల్లవాడి చేతనే చదివిస్తాను. తోటి మాస్టారికి 10, 15, 20 లెక్క చూపించాను, ఆయన లెక్కల మాస్టారే, కాసేపు చూసి "ఎన్నో ఏడుకు 385 అవుతుంది?" అని సుద్దముక్క తీసుకున్నారు. ఏటా ఐదు చొప్పున పెంచుకుంటూ పోతే పదకొండో ఏట అవుతుందట, నిజంగా అలాగే నాటారని కాదు. ఒక సాయం కావాలి. బడి గోడ వెంట మర్రి కొమ్మలు పెడదామంటున్నారు పిల్లలు. మా దగ్గర వాన తక్కువ. ఎలా?

నల్లమల_బాట
గోడకు దగ్గరగా మర్రి వద్దు, వేళ్లు గోడను ఎత్తేస్తాయి. బయట రోడ్డు పక్కన, కరెంటు తీగలు లేని వైపు పెట్టండి. తొలకరి పడ్డాక మణికట్టు లావు కొమ్మ, నిటారుగా ఉన్నది, ఆకులన్నీ తీసేసి పెట్టాలి. పై కోతకు పేడ మెత్తండి, ఎండిపోదు. చుట్టూ ముళ్లకంప తప్పనిసరి, మేకలు మొదటి చిగురు కోసమే కాచుకుని ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, వేసవి సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో ఇప్పుడే రాసుకోండి. బడి మొక్కలు చచ్చేది మే నెలలోనే. రెండు వేసవులు దాటితే ఇక దాని జోలికి వెళ్లక్కరలేదు. ఐదుకు మించి పెట్టకండి.

మన్నెగూడ_బస్సు
మా రోడ్డు కేసు 2025 అక్టోబరు చివర్లో తేలింది. చాలా చెట్లు ఉంచుతారు, కొన్నిటిని వేళ్లతో పెకిలించి వేరే చోట నాటుతారని అంటున్నారు. @నల్లమల_బాట అంత పెద్ద మర్రిని మారిస్తే బతుకుతుందా? నీళ్లు ఎన్నాళ్లు పోయాలి?

నల్లమల_బాట
బతుకుతుంది, మర్రి మొండిది. కొమ్మలు బాగా కొట్టేసి, వేరు ముద్ద చెదరకుండా మారిస్తే చిగురిస్తుంది. కానీ కనీసం రెండు వేసవులు ట్యాంకరు నీళ్లు పడాలి. గుత్తేదారు మొదటి చిగురు ఫోటో తీసి బిల్లు పెట్టుకుని వెళ్లిపోతాడు, చెట్టు ఎండేది ఆ తర్వాత. మీరు రోజూ ఆ దారిన వెళ్తారు కాబట్టి అడుగుతున్నాను అన్నా, ఏ చెట్టును ఎక్కడికి మార్చారో, దానికి నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో పంచాయతీలో కాగితం అడిగి తీసుకోండి.

మన్నెగూడ_బస్సు
సర్పంచి మా క్లాస్‌మేటే. సోమవారం అడుగుతాను.